ఉచిత ఆసుపత్రా, ఫీజు ఆసుపత్రా? – ఉగాండా దేశం నేర్పే పాఠం



"సిస్టర్, సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లమంటారా, ప్రైవేటుకు తీసుకెళ్లమంటారా?" ఈ ప్రశ్న వినని నర్సు ఉండదు. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశంలో మిషను తరపున రెండేళ్లు పనిచేసినప్పుడు అక్కడి తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడిగేవారు. జవాబు వెదుక్కొనేలోగా ప్రాణం మీదికి తెచ్చుకున్న వారినీ చూశాను. కాబట్టి ఈ పాఠంలో ఆ దేశపు ఆసుపత్రులను గురించి తెలుసుకొందాం. అక్కడివారు పడిన కష్టం నుండి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఈ పాఠంలో తెలుసుకొనే విషయాలు:
1. ఉగాండాలో ఎన్ని రకాల ఆసుపత్రులు ఉన్నాయి?
2. వైద్యం ఉచితం చేసినప్పుడు ఏమి జరిగింది?
3. ఫీజు తీసుకొనే చోట రోగికి వచ్చే లాభం, ప్రమాదం ఏమిటి?
4. జబ్బు రాకముందే మనం ఏమి తెలుసుకొని ఉండాలి?

ఒక రాత్రి జరిగిన సంగతి

మొదట నేను మరచిపోలేని ఒక సంగతి చెబుతాను. ఉగాండా పడమటి వైపు కొండప్రాంతంలో మా మిషను ఆసుపత్రి ఉండేది. ఒక రాత్రి పది గంటలకు నలుగురు మగవాళ్లు ఒక గర్భిణిని డోలీలో మోసుకొచ్చారు. మన ఏజెన్సీ గ్రామాల్లో వాడే డోలీ వంటిదే. ఆమెకు అది నాలుగవ కాన్పు. నొప్పులు ముందురోజు ఉదయం మొదలయ్యాయి. దగ్గరలోని ప్రభుత్వ హెల్త్ సెంటర్‌లో మంత్రసాని నర్సు పరీక్షించి, "బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ కావాలి, వెంటనే వెళ్లండి" అని చీటీ రాసి ఇచ్చింది. ఆ చీటీ మీద సమయం చూశాను. ముందురోజు మధ్యాహ్నం పన్నెండు గంటలు. అక్కడి నుండి మా ఆసుపత్రికి నడిచి వచ్చినా మూడు గంటల దారి. వారికి ఒకటిన్నర రోజు పట్టింది.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని భర్తను కొంచెం కోపంగానే అడిగాను. ఆయన తల వంచుకొని, "మీ గేటు దగ్గర బోర్డు ఉంది కదా సిస్టర్, ముందుగా డిపాజిట్ కట్టాలని. రెండు మేకలు అమ్మి డబ్బు తెచ్చాం" అన్నాడు.

వెంటనే ఆపరేషన్ జరిగింది. తల్లి బ్రతికింది. బిడ్డ దక్కలేదు.

నన్ను ఎక్కువ బాధించింది ఏమిటో చెప్పనా? కాన్పు కోసం వచ్చిన తల్లి దగ్గర మేము ముందుగా డబ్బు అడిగే వాళ్లం కాము. అది మా నియమం. కాని ఆ నియమం మాకు మాత్రమే తెలుసు. బోర్డు మీద లేదు. డిపాజిట్ సంగతి మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది. ఆ తండ్రి నిర్లక్ష్యం చేయలేదు. మేము రాసినదాన్ని నమ్మాడు, అంతే. తరువాతి వారమే ఆ బోర్డు మార్చారు. "కాన్పు నొప్పులతో వచ్చినవారు నేరుగా లోపలికి రండి. డబ్బు సంగతి తరువాత" అని వారి భాషలో రాయించారు. గాని ఆ బిడ్డకు అది ఆలస్యమైంది.

ఆసుపత్రి ఎవరిది అన్నదాని కంటే, అక్కడ ఏ చికిత్స దొరుకుతుందో, ఎంత ఖర్చవుతుందో ప్రజలకు ముందే తెలిసి ఉండడం ముఖ్యం. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఉగాండాలో ఆసుపత్రులు ఎలా వచ్చాయి?

ఉగాండా విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదాని కంటే కొంచెం చిన్నది. 2024 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 4 కోట్ల 59 లక్షల మంది ఉన్నారు. రాజధాని కంపాలా.

ఆ దేశంలో ఆధునిక వైద్యం చర్చి ఆసుపత్రులతోనే మొదలైంది. 1897లో డాక్టర్ ఆల్బర్ట్ కుక్ కంపాలాలోని ఒక కొండ మీద మెంగో ఆసుపత్రిని ప్రారంభించారు. ఆయనతో పనిచేసిన మిషనరీ నర్సు కేథరిన్ టింప్సన్ 1900లో ఆయనను వివాహమాడి, తరువాతి కాలంలో ఉగాండా స్త్రీలకు మంత్రసాని శిక్షణ ఇవ్వడానికి పాటుపడ్డారు. 1899లో లుబాగాలో, 1903లో న్‌సాంబ్యాలో క్యాథలిక్ సిస్టర్లు ఆసుపత్రులు స్థాపించారు. ప్రభుత్వానిదైన ములాగో ఆసుపత్రి 1913లో మొదలైంది. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే దాని పెద్ద కొత్త భవనాలు తెరిచారు. ఆ రోజుల్లో తూర్పు ఆఫ్రికాలో ములాగోకు గొప్ప పేరు ఉండేది.

తరువాత చెడ్డ రోజులు వచ్చాయి. 1972లో ఇదీ అమీన్ అక్కడి ఆసియా వారిని 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. వెళ్లిపోయిన వారిలో భారత సంతతి డాక్టర్లు కూడా ఉన్నారు. యుద్ధాలు, భయం, డబ్బు విలువ పడిపోవడం వలన ప్రభుత్వ ఆసుపత్రులు బాగా దెబ్బ తిన్నాయి. ఆ కాలంలో అనేక గ్రామీణ ప్రాంతాల్లో చర్చి ఆసుపత్రులే జనానికి దిక్కయ్యాయి. నేటికీ ఆ దేశంలో మూడు రకాల ఆసుపత్రులు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి ప్రభుత్వానిది. రెండవది లాభం కోసం నడిపే ప్రైవేటు. మూడవది లాభం ఆశించని చర్చి ఆసుపత్రులు, మసీదుల తరపు ఆసుపత్రులు, సేవా సంస్థలవి.

ప్రభుత్వ ఆసుపత్రులు – మెట్ల వరుస

అక్కడి ప్రభుత్వ వైద్యం మెట్ల వరుసగా ఉంటుంది.

మొదటి మెట్టు గ్రామ ఆరోగ్య బృందం. దీనికి భవనం ఉండదు. మన ఆశా కార్యకర్తల వంటి స్వచ్ఛంద సేవకులు ఊళ్లోనే ఉంటూ జ్వరం, విరేచనాలు, పిల్లల న్యుమోనియా వంటివి గుర్తించి పంపుతారు.

రెండవ మెట్టు హెల్త్ సెంటర్ 2. ఇక్కడ నర్సు ఉంటుంది. మామూలు ఓ.పి. మాత్రమే.

మూడవ మెట్టు హెల్త్ సెంటర్ 3. ఇక్కడ కాన్పుల గది, చిన్న ల్యాబ్, కొన్ని పడకలు ఉంటాయి. మామూలు కాన్పు ఇక్కడ చేస్తారు. సిజేరియన్ చేయరు.

నాలుగవ మెట్టు హెల్త్ సెంటర్ 4. ఇక్కడ డాక్టరు, ఆపరేషన్ గది ఉండాలి, రక్తం ఎక్కించే వీలు ఉండాలి. కాని కొన్ని చోట్ల గది ఉంటే మత్తు ఇచ్చేవారు ఉండరు, ఇద్దరూ ఉంటే రక్తం ఉండదు.

ఆ పైన జిల్లా స్థాయి జనరల్ ఆసుపత్రులు, ప్రాంతీయ రిఫరల్ ఆసుపత్రులు, అన్నిటికీ పైన ములాగో వంటి జాతీయ ఆసుపత్రులు.

కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. చిన్న జబ్బుకు చిన్న చోటు, పెద్ద జబ్బుకు పెద్ద చోటు. కాని రోగికి ఈ మెట్లు తెలియకపోతే రెండు తప్పులు జరుగుతాయి. మామూలు జ్వరానికి కూడా పెద్ద ఆసుపత్రికి పోయి రోజంతా వరుసలో నిలబడతారు. లేదా, ఆపరేషన్ కావలసిన తల్లిని ఆపరేషన్ లేని చోట ఉంచి గంటలు పోగొట్టుకుంటారు. మొదటి తప్పుతో ఒక రోజు కూలి పోతుంది. రెండవ తప్పుతో ప్రాణం పోతుంది.

వైద్యం ఉచితం చేసినప్పుడు

1990లలో ఉగాండా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల దగ్గర ఫీజు తీసుకొనేవారు. పేదవారు రావడం తగ్గించారు. 2001 మార్చిలో, అధ్యక్ష ఎన్నికల సమయంలో, ప్రభుత్వం ఆ ఫీజులను రద్దు చేసింది. పెద్ద ఆసుపత్రుల్లో డబ్బు చెల్లించే ప్రత్యేక వార్డులు మాత్రం ఉంచింది.

ఫలితం వెంటనే కనిపించింది. ఓ.పి.కి వచ్చేవారి సంఖ్య ఎంతగానో పెరిగింది. ముఖ్యంగా నిరుపేదలు వచ్చారు. అంతకుముందు వారు జబ్బు లేక ఇంటి దగ్గర ఉండిపోలేదు, డబ్బు లేక ఉండిపోయారు. ఇది ఎప్పుడూ జ్ఞాపకం ఉంచుకోవలసిన సత్యం.

గాని వచ్చే జనం పెరిగినంతగా మందులు పెరగలేదు, నర్సులు పెరగలేదు. నెల మధ్యలోనే మందులు అయిపోయేవి. "డాక్టరుకు చూపించుకోవడం ఉచితం, మందు బయట కొనుక్కోండి" అనే మాట మామూలైంది. మందులు దొంగతనంగా అమ్ముడుపోకుండా ప్రభుత్వ మందుల మీద 'ఉగాండా ప్రభుత్వానిది, అమ్మకానికి కాదు' అని ముద్రించవలసి వచ్చింది. కొందరు ఉద్యోగులు చేతిలో ఏదైనా పెడితేనే కదిలేవారు. జీతం చాలక సాయంత్రం సొంత క్లినిక్ నడిపే డాక్టర్లు కూడా ఉన్నారు. అందరూ అలాంటివారని నేను అనను. ఒకే నర్సు రాత్రంతా నిలబడి నలభై మందిని చూసుకొన్న ప్రభుత్వ వార్డులను కూడా నా కళ్లతో చూశాను.

కాన్పుకు వచ్చే తల్లి ఒక సంచి వెంట తెచ్చుకోవాలని అక్కడ అందరికీ తెలుసు. దానిని 'మామా కిట్' అంటారు. అందులో చేతి తొడుగులు, దూది, ప్లాస్టిక్ షీటు, బ్లేడు, బొడ్డు కట్టే దారం, సబ్బు ఉంటాయి. దానిని ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వవలసి ఉన్నా, చాలాచోట్ల తెచ్చుకొమ్మని చెబుతారు. కాబట్టి తెలివైన తల్లి ఏడవ నెలలోనే ఒక్కొక్కటిగా కొని పెట్టుకుంటుంది.

2009, 2010 సంవత్సరాల్లో ఇద్దరు తల్లులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో సరైన చికిత్స అందక చనిపోయారు. వారి కుటుంబాల పక్షాన 2011లో రాజ్యాంగ న్యాయస్థానంలో కేసు వేశారు. తొమ్మిదేళ్ల పోరాటం తరువాత, 2020 ఆగస్టులో తీర్పు వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లులకు కనీస ప్రసూతి సేవలు అందించకపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని, ఆ సేవలకు చాలినంత డబ్బు కేటాయించాలని న్యాయమూర్తులు చెప్పారు. చూడండి, ఉచితం అని ప్రకటిస్తే సరిపోదు. చేతి తొడుగు, రక్తం, మెలకువగా ఉన్న నర్సు ఆ సమయానికి అక్కడ ఉండాలి.

2001లో నైజీరియాలోని అబూజాలో ఆఫ్రికా దేశాల నాయకులు తమ బడ్జెట్‌లో నూటికి 15 వంతులు ఆరోగ్యానికి ఇస్తామని మాట ఇచ్చారు. ఉగాండా అనేక సంవత్సరాలు ఆ మాట దరిదాపులకు కూడా రాలేదు. కొరత అంతా వార్డులోని నర్సు తప్పు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రైవేటు – మందుల షాపు నుండి పెద్ద ఆసుపత్రి వరకు

ప్రైవేటు అనగానే అద్దాల భవనం గుర్తుకు వస్తుంది. కంపాలాలో అలాంటి మంచి ఆసుపత్రులు ఉన్నాయి. స్కానింగులు, ఐ.సి.యు., నిపుణులైన డాక్టర్లు ఉన్నారు. కంపెనీ బీమా ఉన్న ఉద్యోగులు, విదేశీయులు అక్కడికి వెళతారు. కాని ఉగాండాలో అధిక సంఖ్యాకులకు ప్రైవేటు వైద్యం అంటే రోడ్డు పక్కన ఉన్న చిన్న మందుల షాపు. జ్వరం వస్తే మొదట అక్కడికే పోతారు. ఎందుకు? అది దగ్గర, ఎప్పుడూ తెరిచి ఉంటుంది, వరుస ఉండదు, షాపువాడు మర్యాదగా మాట్లాడతాడు, ఉన్న డబ్బుకు తగిన మందు ఇస్తాడు.

ఈ చివరి మాటలోనే ప్రమాదం ఉంది. ఉగాండాలో మలేరియా చాలా ఎక్కువ. దానికి వాడే ముఖ్యమైన మందు ఆర్టిమీథర్, ల్యూమెఫాంట్రిన్ కలిసిన బిళ్లలు. 'కోఆర్టెమ్' అనే పేరుతో అందరికీ తెలుసు. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు, మొత్తం ఆరు మోతాదులు వేసుకోవాలి. చేతిలో డబ్బు తక్కువైతే సగమే కొంటారు. రెండవ రోజుకు జ్వరం తగ్గుతుంది. మిగిలినవి వేసుకోరు, లేదా ఇంట్లో మరొకరికి దాచిపెడతారు. క్రిములు పూర్తిగా చావవు. వారంలో జ్వరం మళ్లీ వస్తుంది. ఈసారి బిడ్డకు ఫిట్స్, రక్తహీనత కూడా రావచ్చు. మా పిల్లల వార్డుకు అలా వచ్చిన బిడ్డలు ఎంతోమంది. రెండు బిళ్లల దగ్గర పొదుపు చేసిన తండ్రి, రక్తం ఎక్కించడానికి పది రెట్లు ఖర్చు పెట్టేవాడు.

మరొక తప్పు, పరీక్ష చేయించకుండా ప్రతి జ్వరానికీ మలేరియా మందు వాడడం. వేలి కొన నుండి ఒక్క చుక్క రక్తంతో పావు గంటలో మలేరియా ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మలేరియా కాకపోతే అది టైఫాయిడ్ కావచ్చు, న్యుమోనియా కావచ్చు. పరీక్ష లేని మందు చీకటిలో రాయి విసరడం వంటిది.

పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రమాదం వేరు. 2021 జూన్‌లో కోవిడ్ రెండవసారి విజృంభించినప్పుడు ప్రభుత్వ ఐ.సి.యు. పడకలు చాలలేదు. ప్రైవేటు ఐ.సి.యు. బిల్లులు చూసి కుటుంబాలు కుప్పకూలాయి. భూములు అమ్మినవారున్నారు. సాధారణ ప్రజలందరికీ వర్తించే జాతీయ ఆరోగ్య బీమా ఆ దేశంలో లేకపోవడమే దీనికి ముఖ్య కారణం. 2021 మార్చిలో పార్లమెంటు ఒక బీమా బిల్లును ఆమోదించింది గాని, అధ్యక్షుని సంతకం పొంది చట్టం కాలేదు.

చర్చి ఆసుపత్రులు – మధ్య దారి

మూడవ రకం చర్చి ఆసుపత్రులు. ఇవి ఫీజు తీసుకుంటాయి గాని లాభం పంచుకోవు. ఎక్కువ భాగం మారుమూల పల్లెల దగ్గర ఉంటాయి. ఉగాండా నర్సుల్లో, మంత్రసాని నర్సుల్లో చాలామంది ఈ ఆసుపత్రుల నర్సింగ్ స్కూళ్లలోనే చదువుకున్నారు. 1979లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వైద్య విభాగాలు రెండూ కలిసి ఒకే మందుల గిడ్డంగిని ఏర్పాటు చేసుకున్నాయి. నాణ్యమైన మందులు కలిసి కొంటే తక్కువ ధరకు వస్తాయి కదా. 1990ల చివరి నుండి ప్రభుత్వం కూడా ఈ ఆసుపత్రులకు కొంత గ్రాంటు ఇస్తూ వచ్చింది.

అయినా వీటికీ కష్టాలున్నాయి. విదేశీ సహాయం తగ్గినప్పుడల్లా జీతాలు, మందులు ఎక్కడి నుండి తేవాలి? ఫీజు పెంచితే పేదవారు రారు. పెంచకపోతే నర్సులు ఎక్కువ జీతం ఇచ్చే ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్లిపోతారు. ఈ చిక్కులో పడి కొన్ని ఆసుపత్రులు పేరుకు మిషను, పనికి ప్రైవేటు అయ్యే ప్రమాదం ఉంది. నేను చెప్పిన డిపాజిట్ బోర్డు అలా వచ్చినదే. చెడ్డవారు పెట్టలేదు. ఆడిటు చూసి భయపడిన మంచివారు పెట్టారు.

దీనికి కొందరు మంచి దారులు కనిపెట్టారు. రెండు చెబుతాను.

మొదటిది, ఒకే ఫీజు పద్ధతి. సూదికి ఇంత, పరీక్షకు ఇంత, మందుకు ఇంత అని వేరువేరుగా కాక, జబ్బు ఏదైనా మొత్తం చికిత్సకు ఒక చిన్న స్థిరమైన ఫీజు నిర్ణయించారు. పిల్లలకు, గర్భిణులకు ఇంకా తక్కువ. ఉత్తర ఉగాండాలో గులూ పట్టణం దగ్గర ఉన్న లాకోర్ ఆసుపత్రి ఈ దారిలో నడిచిన వాటిలో ఒకటి. దీని వలన జనం పెరిగారు. ఫీజు తక్కువ కావడం ఒక కారణం. ఎంత అవుతుందో ఇంటి దగ్గరే తెలియడం మరొక కారణం. పేదవానికి బిల్లు కంటే తెలియని బిల్లు ఎక్కువ భయం.

రెండవది, డోలీ సంఘాల బీమా. నైరుతి ఉగాండా కొండల్లో ప్రతి ఊరిలో డోలీ సంఘం ఉంటుంది. వారి భాషలో డోలీని 'ఎంగోజి' అంటారు. ఎవరికైనా జబ్బు చేస్తే సంఘంలోని మగవారు వంతులవారీగా మోసుకొని ఆసుపత్రికి చేరుస్తారు. చనిపోతే శవాన్ని ఇంటికి తెస్తారు. ఖర్చుకు చందాలు వేసుకుంటారు. అక్కడి కిసీజి చర్చి ఆసుపత్రి 1996లో ఈ సంఘాల ద్వారానే ఆరోగ్య బీమా ప్రారంభించింది. జబ్బు పడినవారు మాత్రమే కాక, సంఘంలోని కుటుంబాలు కలిసి చేరాలి. ప్రతి కుటుంబం కొద్దికొద్దిగా కడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారి డబ్బు జబ్బు పడినవారిని మోస్తుంది, డోలీని నలుగురు మోసినట్లే. ఆ ఊళ్లవారికి ఇది ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

రోగానికి గేటు లేదు

2000 సంవత్సరం అక్టోబరులో గులూ ప్రాంతంలో ఎబోలా అనే భయంకరమైన జ్వరం వ్యాపించింది. లాకోర్ ఆసుపత్రిలో నర్సింగ్ విద్యార్థినులు కూడా చనిపోసాగారు. కంపాలాలో పై చదువు చదువుతున్న ఆ ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ మాథ్యూ లుక్వియా కబురు అందగానే వచ్చి, రోగుల కేసు షీట్లు పరిశీలించి, ఇది ఎబోలా కావచ్చునని అనుమానించి, ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ తరువాత మిషను ఆసుపత్రి, పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రి రెండూ ప్రత్యేక వార్డులు తెరిచి కలిసి పోరాడాయి. మొత్తం 425 మందికి జబ్బు సోకింది, 224 మంది చనిపోయారు. లాకోర్ నర్సులు అనేకమంది ప్రాణాలు ఇచ్చారు. డిసెంబరు 5న డాక్టర్ లుక్వియా కూడా అదే జబ్బుతో మరణించారు. మిషను డాక్టరు అనుమానించిన సంగతి ప్రభుత్వానికి వెంటనే చెప్పకపోయి ఉంటే, ప్రభుత్వం వినకపోయి ఉంటే, ఆ సంఖ్య ఎంతకు పోయేదో!

2025 జనవరిలో కంపాలాలో మళ్లీ ఎబోలా బయటపడింది. మొదట గుర్తించిన రోగి స్వయంగా ఒక నర్సు. ఆయన ఒక ఆసుపత్రి తరువాత మరొక ఆసుపత్రి తిరిగాడు. జబ్బు ఏమిటో చనిపోయిన తరువాతే పరీక్షలో నిర్ధారణ అయింది. ఆసుపత్రులు మారేటప్పుడు పాత కాగితాలు చూపించడం, జరిగినదంతా దాచకుండా చెప్పడం ఎంత అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది.

మంచి మార్పు కూడా ఉంది

ఇదంతా విని నిరుత్సాహపడకండి. ఉగాండా జాతీయ సర్వేల ప్రకారం 2016లో లక్ష కాన్పులకు 336 మంది తల్లులు చనిపోయేవారు. 2022 నాటికి అది 189కి తగ్గింది. ఆసుపత్రిలో జరిగే కాన్పులు నూటికి 73 నుండి 91కి పెరిగాయి. ఒక్క ప్రభుత్వమే చేయలేదు, ఒక్క మిషనులే చేయలేదు. దగ్గరలోని హెల్త్ సెంటర్ నర్సు, చీటీ రాసి పంపిన మంత్రసాని, మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి చేర్చిన బోడా బోడా కుర్రవాడు, ముందే సంచి సర్దుకొన్న తల్లి, అందరూ కలిసి చేసిన పని ఇది.

మనం చేయవలసినవి

పాఠకులారా, ఆ దేశం పాఠం మన ఇంటికి కూడా పనికివస్తుంది. ఈ క్రిందివి ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి.

1. జబ్బు రాకముందే తెలుసుకోండి. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఏమి ఉన్నాయి? రాత్రి డాక్టరు ఉంటారా? ఆపరేషన్ చేస్తారా? రక్తం దొరుకుతుందా? ఆరోగ్యంగా ఉన్న రోజునే వెళ్లి అడగండి.

2. ఇంట్లో గర్భిణి ఉంటే ఏడవ నెల నిండకముందే నాలుగు సంగతులు నిర్ణయించండి: ఎక్కడికి వెళ్లాలి, ఏ వాహనంలో, వెంట ఎవరు, రక్తం ఇచ్చేవారు ఎవరు. భర్త ఊళ్లో లేకపోతే నిర్ణయం ఎవరు తీసుకోవాలో కూడా ముందే అనుకోండి.

3. ఈ ప్రమాద సూచనలు కనిపిస్తే డబ్బు కోసం ఆగకండి: రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, బిడ్డ చెయ్యి గాని బొడ్డుతాడు గాని ముందు రావడం, 12 గంటలు దాటినా కాన్పు కాకపోవడం. ముందు బయలుదేరండి. ఒకరు రోగితో వెళ్లండి, మరొకరు డబ్బు చూసుకోండి. ఇద్దరూ డబ్బు కోసం పోవద్దు.

4. రిఫరల్ చీటీ, పాత రిపోర్టులు పారేయకండి. ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి వెంట తీసుకువెళ్లండి.

5. ఫీజు ఎంతో ముందే అడగండి. అడగడం అవమానం కాదు. రసీదు తీసుకోండి. కట్టలేకపోతే సిగ్గుపడక చెప్పండి. చెప్పకుండా ఇంటి దగ్గర ఆగిపోవడం అన్నిటికంటే చెడ్డది.

6. మందు పూర్తిగా వాడండి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. డబ్బు చాలకపోతే సగం మందు కొనేముందు డాక్టరుతో గాని నర్సుతో గాని చెప్పండి.

7. ఆసుపత్రిలో పనిచేసే తోటి ఉద్యోగులారా, మన గేటు దగ్గర బోర్డును ఒకసారి చదవండి. మన నియమాలు పేదవానికి అర్థమయ్యేలా రాసి ఉన్నాయా? చదువు రానివారికి ఎవరు చెబుతున్నారు?

ఉద్యోగం కోసం ఉగాండా వెళ్లే మనవారికి ఒక మాట. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొని, ఆ సర్టిఫికెట్ జాగ్రత్తగా ఉంచుకోండి. అక్కడ ఉన్నంతకాలం దోమతెర వాడండి. తిరిగి వచ్చిన తరువాత కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే, ఉగాండా నుండి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.

జ్ఞాపకం ఉంచుకోండి

• ఉచితం అన్నంత మాత్రాన అన్నీ దొరకవు. ఫీజు ఎక్కువైనంత మాత్రాన మంచి వైద్యం కాదు.
• కావలసిన చికిత్స ఉన్న చోటికి, సమయానికి చేరడం ముఖ్యం.
• పేదవారిని ఆపేది ఫీజు మాత్రమే కాదు, ఎంత అవుతుందో తెలియని భయం కూడా.

చర్చించండి

1. ఈ రాత్రి మీ ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి వెళతారు? ఎంతసేపు పడుతుంది?
2. ఉగాండా డోలీ సంఘం వంటిది మీ ఊళ్లో ఉందా? లేకపోతే మీ మహిళా సంఘం అత్యవసరానికి కొంత డబ్బు వేరుగా ఉంచగలదా?
3. డబ్బు తేవడానికి ఇంటికి వెళ్లిన ఆ తండ్రికి దారిలో మీరు ఎదురుపడి ఉంటే ఏమి చెప్పేవారు?

మూడవ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. "అన్నా, మేకల సంగతి తరువాత చూద్దాం. ముందు డోలీ ఎత్తండి."